బెల్టుతో తిరిగేదా, పొగతో తిరిగేదా?

ఇంజనుకు గాలి ఎక్కించే సాధనాల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలు, వాటికి జవాబులు.

ప్రశ్న: నాది 1.2 లీటర్ల పెట్రోలు కారు, టర్బో లేనిది. ఏసీ వేసుకుని నలుగురం ఎక్కితే ఫ్లైఓవర్ మీద కూడా రెండో గేరు అడుగుతోంది. బయట టర్బో పెట్టిద్దామని ఒకరు, టర్బోకి ల్యాగ్ (తొక్కాక బలం ఆలస్యంగా రావడం) ఉంటుంది కాబట్టి సూపర్‌ఛార్జరే మేలని మరొకరు అంటున్నారు. ఏది పెట్టించమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

రెండూ చేసే పని ఒకటే. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. మామూలు ఇంజను పిస్టన్ కిందికి దిగినప్పుడు పీల్చినంతే పీల్చుకుంటుంది. ఈ రెండు సాధనాలూ గాలిని నొక్కి, అదే సిలిండర్లోకి ఎక్కువ కుక్కుతాయి. నొక్కడానికి అయ్యే ఖర్చు ఎవరి జేబులోంచి వస్తుందన్నది మాత్రం వేరు.

పెట్రోల్లో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతు వేడిగా సైలెన్సర్ గుండా పోతుంది. టర్బో అందులో కొంత ఏరుకుంటుంది. ఎగ్జాస్ట్ వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీద రెండో కొసన ఉన్న చక్రం గాలిని నొక్కుతుంది. ఇది పూర్తిగా ఉచితం కూడా కాదు. దారిలో చక్రం అడ్డం ఉన్నందుకు ఎదురు ఒత్తిడి పెరుగుతుంది, పిస్టన్ దాన్ని తోసుకుంటూ పోవాలి. అయినా లెక్క లాభంలోనే తేలుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇదే.

సూపర్‌ఛార్జర్ ఖర్చు నేరుగా క్రాంక్‌దే, అంటే పిస్టన్లు తిప్పే ఇంజను ఇరుసుదే. బెల్టో గేరో దాన్ని తిప్పుతుంది. అందులో మూడు రకాలున్నాయి. రూట్స్ రకం అంటే రెండు లోబులు ఒకదానిలో ఒకటి ఒరుసుకోకుండా తిరుగుతూ గాలిని అవతలికి తోయడం. రొయ్యల హేచరీల్లో ట్యాంకులకు గాలి కొట్టే బ్లోయర్ చూసి ఉంటే, అదే ఇది. రెండోది స్క్రూ రకం. బోరు బండి మీద కూర్చుని రోదపెట్టే కంప్రెసర్‌కి తమ్ముడనుకోండి. మూడోది సెంట్రిఫ్యూగల్. టర్బోలో గాలి నొక్కే సగాన్ని తీసి బెల్టుకి తగిలించినట్టు ఉంటుంది. మొదటి రెండూ 1,500 ఆర్పీఎం (ఇంజను నిమిషానికి కొట్టే చుట్లు) నుంచే గట్టి బూస్ట్, అంటే అదనపు గాలి ఒత్తిడి, ఇస్తాయి. మూడోదాని బూస్ట్ వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, కింద ఏమీ ఉండదు, పైన ఒక్కసారి ఎగబాకుతుంది. ‘సూపర్‌ఛార్జర్‌కి ల్యాగ్ ఉండదు’ అన్న మాట అన్ని రకాలకూ ఒకేలా చెల్లదు.

మీ బండి లెక్కే వేద్దాం. 5,500 ఆర్పీఎం దగ్గర 0.5 బార్ బూస్ట్ (మామూలు గాలి ఒత్తిడి మీద సుమారు ఇంకో సగం) ఇస్తే ఈ ఇంజను నిమిషానికి నాలుగున్నర కిలోలకు పైగా గాలి మింగుతుంది. అంత గాలిని నొక్కడానికి రూట్స్ బ్లోయర్ ఏడెనిమిది హార్స్‌పవర్ తినేస్తుంది. పైగా అది వేడి కూడా ఎక్కువ పుట్టిస్తుంది. 40 డిగ్రీల ఎండలో గాలిని 0.5 బార్ నొక్కితే మంచి టర్బో దాన్ని 95 డిగ్రీల దగ్గర వదులుతుంది, రూట్స్ అయితే 110 దాకా పోతుంది. వేడి గాలి పలచన. 95 డిగ్రీల గాలిని అలాగే పంపితే మామూలు కంటే సుమారు 28 శాతమే ఎక్కువ దక్కుతుంది. నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెట్టి 55కి దించితే 43 శాతం. అందుకే మన ఎండలకి ఇంటర్‌కూలర్ లేకుండా టర్బో పెడతానన్నవాడిని నమ్మకండి.

ఇక మీ ప్రశ్నకు సూటి జవాబు: మీ కారుకి రెండూ వద్దు.

టర్బో లేకుండా వచ్చిన ఇప్పటి పెట్రోలు ఇంజన్లకి కంప్రెషన్ రేషియో (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్క) చాలావాటికి 11 దగ్గర, కొన్నిటికి ఇంకా పైన ఉంటుంది. దాని మీద 0.5 బార్ ఎక్కిస్తే మంట ముందు నడుస్తుండగానే మిగిలిన మిశ్రమం తనంతట తానే అంటుకుంటుంది. అదే నాకింగ్. ఎక్సలేటర్ తొక్కినప్పుడు డబ్బాలో గోళీలు ఆడించినట్టు చప్పుడు వస్తుంది. కొన్ని వందల కిలోమీటర్లలోనే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరగొచ్చు. తప్పించాలంటే రేషియోని 9 దగ్గరికి దించే పిస్టన్లు, వాటికి తగ్గ రాడ్లు, పెద్ద ఇంజక్టర్లు, పంపు, ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటర్) ట్యూనింగు, గట్టి క్లచ్ కావాలి. అప్పటికి గేరుబాక్సు ఒక్కటే పాతది మిగులుతుంది. తర్వాత పోయేది అదే.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఇలాంటి ఒక్కో మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ముందు బండిలో ఉన్న బలం బండికి అందుతోందో లేదో చూడండి. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్ జారుడు. నాలుగు చక్రాలనూ జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పి, బ్రేకు పట్టేస్తోందేమో చూడండి. లక్ష కిలోమీటర్లు దాటిన బండైతే కెటలిటిక్ కన్వర్టర్ పూడుకుపోయి ఉండొచ్చు. అన్నీ బాగుండి కూడా చాలదనిపిస్తే దీన్ని అమ్మి, కంపెనీ నుంచే టర్బోతో వచ్చిన 1.0 లేక 1.2 లీటర్ల బండి కొనుక్కోండి. అది టర్బోని దృష్టిలో పెట్టుకునే పోతపోసిన ఇంజను.

ప్రశ్న: అయితే సూపర్‌ఛార్జర్‌కి పనే లేదా? మరి కంపెనీలు ఎందుకు వాడాయి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

టర్బో చిన్నదై, తేలికై, కిందినుంచే తిరిగే రోజులు రాకముందు దానికి మంచి పని ఉండేది. బెంజ్ కార్ల వెనక ‘కంప్రెసర్’ అని రాసి ఉండేది గుర్తుందా, అది జర్మన్‌లో సూపర్‌ఛార్జరే. 2005లో ఫోక్స్‌వ్యాగన్ 1.4 లీటర్ల పెట్రోలు ఇంజనుకి రెండూ పెట్టింది. కింద బెల్టు బ్లోయర్ లాగుతుంది, 3,500 ఆర్పీఎం దాటాక క్లచ్ దాన్ని వదిలేస్తుంది, పైన టర్బో చూసుకుంటుంది. అంత చిన్న ఇంజన్లోంచి 170 హార్స్‌పవర్ వచ్చింది. కానీ రెండు సాధనాలు, ఒక క్లచ్, గాలి దారి మళ్లించే ఒక తలుపు... ఖర్చు తట్టుకోలేక తర్వాత ఒక్క టర్బోతో సరిపెట్టారు.

కాలు వేసిన క్షణాన స్పందన కావాలి, మైలేజీ లెక్క లేదు అన్నచోట సూపర్‌ఛార్జర్ ఇప్పటికీ బాగుంటుంది. కవాసాకి నింజా హెచ్2 బైకు చూడండి. 998 సీసీ, సూపర్‌ఛార్జర్ గేర్ల మీద క్రాంక్‌కంటే 9.2 రెట్లు వేగంగా తిరుగుతుంది. ఇంజను 14,000 మీద ఉంటే అది లక్షా ముప్ఫై వేల చుట్లు కొడుతుంది. ఇంటర్‌కూలర్ కూడా లేదు. అది చూసి 350 సీసీ బండికి టర్బో పెట్టొచ్చా అని అడుగుతున్న కుర్రాళ్లకి ఇక్కడే చెబుతున్నాం: ఒంటి సిలిండర్ ఇంజను రెండు చుట్లకి ఒక్కసారే ఎగ్జాస్ట్ వదులుతుంది. ఆ విడి విడి దెబ్బలకి టర్బో నిలకడగా తిరగదు. వద్దు.

ప్రశ్న: టిప్పర్‌కి టర్బో పోతే కొత్తది వేయించాం. 20 రోజులకే నీలం పొగ, ఇంటర్‌కూలర్ పైపు నిండా ఆయిల్. మెకానిక్ ‘టర్బో డూప్లికేట్’ అంటున్నాడు, షాపువాడు ‘మీ ఫిట్టింగే తప్పు’ అంటున్నాడు. ఎవరిది నిజం?
– ఒక లారీ యజమాని, సూర్యాపేట

చూడకుండా తీర్పు చెప్పలేం కానీ, 20 రోజులకే రెండోది కూడా పోయిందంటే మొదటిదాన్ని చంపిన జబ్బు ఇంజన్లోనే ఉండిపోయిందని అనుమానించాలి. మూడో టర్బో కొనేముందు ఇవి చూడండి.

టర్బోలో రబ్బరు సీలు ఉండదు. ఇరుసుకి పిస్టన్ రింగులాంటి సన్నటి రింగులుంటాయి, అంతే. ఆయిల్‌ని లోపల ఉంచేది అవతలివైపు ఉండే గాలి ఒత్తిడి, ఇంకా ఆయిల్ అడ్డం లేకుండా కిందికి జారిపోవడం. బేరింగుల్లో ఆయిల్ చిలికిన మజ్జిగలా నురగై తిరిగి వస్తుంది. దాన్ని కిందికి లాగే పంపు ఏదీ లేదు, దాని బరువుతో అదే జారాలి. అందుకని రిటర్న్ పైపు లావుగా, నిటారుగా ఉండాలి. ఎంత వంగినా నిలువుకి 35 డిగ్రీలు దాటకూడదు. మధ్యలో ఉట్టిలా వేలాడినా, నొక్కుకుపోయినా, జాయింట్ దగ్గర గమ్ము లోపలికి పొంగినా, ఆయిల్ పైనే నిలిచి రింగులు దాటుతుంది. టర్బో కొత్తదే, కారుడు మాత్రం పాతదే.

రెండోది బ్రీదర్, అంటే ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. కొద్దిగా ఆవిరి సహజం. మూత ఎగరగొట్టేలా పొగ తన్నుతుంటే రింగులు అరిగి సంపులో (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఒత్తిడి పెరిగింది, లేదా బ్రీదర్ మూసుకుంది. ఆ ఒత్తిడి రిటర్న్ పైపుని కింద నుంచి మూసేస్తుంది. అప్పుడు చేయాల్సింది ఇంజను పని, టర్బో మారిస్తే లాభం లేదు.

మూడోది ఎయిర్ ఫిల్టర్. క్వారీ దుమ్ములో తిరిగే బండికి ఫిల్టర్ పూడుకుంటే, గాలి నొక్కే చక్రం గాలి దొరక్క ఆయిల్‌నే రింగుల సందుల్లోంచి పీలుస్తుంది.

నాలుగోది ఇంటర్‌కూలర్. మొదటి టర్బో చక్రం రెక్కలు విరిగి ఉంటే ముక్కలు అందులోనే ఉంటాయి, ఆయిల్ కూడా. కడగకుండా బిగిస్తే ఆ ఆయిలే రోజుల తరబడి నీలంగా కాలుతుంది, ముక్కలు సిలిండర్లోకి పోతాయి. మీ పైపులో ఉన్నది పాత ఆయిలే కావచ్చు. ముందు శుభ్రంగా కడిగి, తుడిచి, ఒక రోజు నడిపి మళ్లీ విప్పి చూడండి.

టర్బో ఉందా పోయిందా అన్నది చేత్తోనే తెలుస్తుంది. ఇంజను చల్లారాక గాలి పైపు తీసి, ఇరుసు కొసని రెండు వేళ్లతో పట్టుకోండి. పక్కలకి కొంచెం కదలడం తప్పు కాదు. అక్కడ ఆయిల్ పొర మీద తేలే బేరింగు కాబట్టి ఆ సందు ఉండాల్సిందే. కదిలినప్పుడు రెక్కలు గోడకి తగలకూడదు. ముందుకీ వెనక్కీ లాగి తోయండి. ‘టక్’మని చేతికి తెలిసేలా ఆడితే థ్రస్ట్ బేరింగు అయిపోయింది. రెక్కల అంచులు గీసుకుపోయి మెరుస్తుంటే ఇంక కోర్ (ఇరుసు, చక్రాలు, బేరింగులున్న నడిమి భాగం) పనికిరాదు.

కొత్తది బిగించేటప్పుడు పాత ఆయిల్, ఫిల్టర్ తీసేయండి. ఆయిల్ తెచ్చే సన్నపైపుని కడగొద్దు, మార్చేయండి. లోపల పట్టిన మసి ఊడి వారం తర్వాత కొత్త టర్బో నోరు మూస్తుంది. ఆ జాయింట్‌కి ప్యాకింగ్ మాత్రమే వాడాలి, గమ్ము చుక్క కూడా వద్దు. బిగించేముందు పై రంధ్రంలో శుభ్రమైన ఇంజను ఆయిల్ పోసి చక్రాన్ని చేత్తో నాలుగైదు చుట్లు తిప్పండి. తర్వాత ఇంజను అంటుకోకుండా డీజిల్ ఆపి, రిటర్న్‌లో ఆయిల్ కనబడేదాకా పది పదిహేను సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. స్టార్టయ్యాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచాలి. ‘పికప్ చూద్దాం’ అని మొదటి నిమిషంలోనే రేస్ ఇచ్చే అలవాటు చాలా గ్యారేజీల్లో ఉంది. అప్పటికి బేరింగులకి ఆయిల్ చేరి ఉండదు. ఇరవై రోజుల కథకి బీజం ఆ నిమిషంలోనే పడుతుంది.

ప్రశ్న: టర్బో కారు ఆపేముందు ఐడిల్‌లో ఉంచాలా? ఎంతసేపు?
– ఒక పాఠకుడు, తిరుపతి

మీ ఊరి ఉదాహరణే చెబుదాం. తిరుమల ఘాట్ ఎక్కి పైన పార్కింగ్‌లో పెట్టగానే తాళం తిప్పేయకండి, ఒక నిమిషం ఆగండి. పెట్రోలు ఇంజనైతే టర్బైన్‌లోకి వచ్చే వాయువు 900 డిగ్రీలు దాటొచ్చు. ఇంజను ఆపితే ఆయిల్ ప్రవాహం ఆగుతుంది, ఇనుములోని వేడి మాత్రం బేరింగులోకి పాకుతుంది. అక్కడ మిగిలిన ఆయిల్ మాడి మసి కడుతుంది. ఊళ్లో మెల్లగా వచ్చి ఇంటిముందు ఆపేటప్పుడు ఈ జాగ్రత్త అక్కర్లేదు, చివరి రెండు వీధుల్లోనే అది చల్లబడి ఉంటుంది. నీళ్లతో చల్లబడే టర్బోలున్న కొత్త బండ్లు దీన్ని చాలావరకు వాటంతటవే చూసుకుంటాయి.

చిన్న టర్బో పెట్రోలు బండికి అంతకంటే పెద్ద శత్రువు వేరే ఉంది: 1,500 ఆర్పీఎం మీద ఐదో గేరులో ఉండి, గేరు దించకుండా ఎక్సలేటర్ నేలకి తొక్కడం. తక్కువ వేగం, ఎక్కువ బూస్ట్ కలిసినప్పుడు స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం ఉంది. గేరు దించండి. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్ లేదా ఎస్‌పీ అని ఉందో లేదో చూసి, కంపెనీ చెప్పిన గ్రేడులో కొనండి. ఆ రెండు ప్రమాణాల్లోనూ ఈ జబ్బుకి పరీక్ష ఉంది.

ప్రశ్న: చెరువు గట్టున 62.5 కేవీఏ టర్బో జనరేటర్ ఉంది. సైలెన్సర్ జాయింట్ల దగ్గర నల్లటి జిడ్డు కారుతోంది. ఏరేటర్లు వేసినప్పుడు ఒక్కసారి గొంతు పట్టేసినట్టై నల్లపొగ కక్కుతుంది. సూపర్‌ఛార్జర్ ఉన్న సెట్టు కొంటే ఈ బాధ ఉండదా?
– ఒక రొయ్యల రైతు, భీమవరం

జనరేటర్ ఎప్పుడూ 1,500 ఆర్పీఎం మీదే నడిచేది. ఒకే వేగం, నిలకడైన లోడు. టర్బోకి ఇంతకంటే అనువైన ఉద్యోగం లేదు, సూపర్‌ఛార్జర్ ఊసు వదిలేయండి.

జిడ్డు విషయానికొస్తే, ఎన్ని ఏరేటర్లు నడుపుతున్నారో రాయలేదు. 62.5 కేవీఏ అంటే 50 కిలోవాట్లు. రెండు హార్స్‌పవర్ ఏరేటర్లు నాలుగు మాత్రమే తిప్పితే ఏడు కిలోవాట్ల లోపే, అంటే సెట్టు సామర్థ్యంలో ఏడో వంతు. అంత తక్కువ లోడు మీద రాత్రంతా నడిస్తే ఇంజను వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, టర్బోలో గాలి ఒత్తిడి చాలక ఆయిల్ రింగులు దాటుతుంది. రెండూ కలిసి జిడ్డుగా కారతాయి. టర్బో పోయిందని విప్పేయకండి. జిడ్డు తుడిచి, లోడు మెల్లగా పెంచుతూ 70–80 శాతం దగ్గర ఒక గంట నడపండి. పొడిగా మారితే జబ్బు లోడుదే. అటుపైన 30 శాతానికి తగ్గకుండా చూసుకోండి. వీలుకాకపోతే రాత్రులకి చిన్న సెట్టు పెట్టుకోవడమే చవక.

నల్లపొగ వేరే సంగతి. మోటారు నేరుగా స్టార్టయ్యేటప్పుడు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. అన్నీ ఒకే స్విచ్చుతో వేస్తే ఇంజను వేగం పడిపోకుండా చూసే గవర్నర్ డీజిల్ కుమ్మరిస్తుంది, టర్బో ఇంకా వేగం అందుకోలేదు, గాలి చాలదు. ఒక్కో ఏరేటర్‌కీ మధ్య పది సెకన్లు ఎడం ఇచ్చి వేయండి. లోడు నిలకడగా ఉన్నప్పుడు కూడా నల్లపొగ ఆగకపోతే ఇంటర్‌కూలర్ హోసు పైపులు, క్లిప్పుల దగ్గర సబ్బునీళ్లు రాసి గాలి బుడగలు చూడండి.

ప్రశ్న: పాత డీజిల్ రైలింజన్లు కదిలేటప్పుడు ఆకాశం నల్లగా చేసేవి. తర్వాత వచ్చిన డబ్ల్యూడీజీ4 అలా చేయదు. దాంట్లో టర్బో లేదా?
– ఒక పాఠకుడు, కాజీపేట

ఉంది, సూపర్‌ఛార్జర్ కూడా అదే. మీరన్న పాత రకం డబ్ల్యూడీఎం2లోని ఆల్కో కంపెనీ ఇంజను నాలుగు స్ట్రోకులది, 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. డ్రైవరు నాచ్ (రైలింజన్ ఎక్సలేటర్‌లో ఒక మెట్టు) పెంచగానే డీజిల్ ముందు వెళ్లేది, బరువైన టర్బో తర్వాత మేల్కొనేది. ఆ మధ్యలో కాలని డీజిలే మీరు చూసిన నలుపు. డబ్ల్యూడీజీ4లోని ఈఎండీ 710 ఇంజను రెండు స్ట్రోకులది, 4,000 హార్స్‌పవర్. రెండు స్ట్రోకుల డీజిల్ తనంతట తాను గాలి పీల్చుకోలేదు, బయటి నుంచి ఎవరో ఊదకపోతే స్టార్టే కాదు. ఎగ్జాస్ట్ లేకుండా టర్బో తిరగదు, టర్బో తిరక్కుండా ఎగ్జాస్ట్ లేదు. అందుకని టర్బో ఇరుసుని గేర్లతో ఇంజనుకి కలిపారు, మధ్యలో ఒకవైపే పట్టే క్లచ్ పెట్టారు. సైకిల్ ఫ్రీవీల్ లాంటిదే. స్టార్టయ్యేటప్పుడు, తక్కువ నాచ్‌లలో గేర్లే తిప్పుతాయి కాబట్టి అది సూపర్‌ఛార్జర్. లోడు పెరిగి ఎగ్జాస్ట్ జోరందుకున్నాక ఇరుసు గేర్లకంటే వేగంగా తిరుగుతుంది, క్లచ్ వదిలేస్తుంది, అప్పటినుంచి అది టర్బో. కదిలేటప్పుడే గాలి అందుతుంది కాబట్టి ఆ నలుపు ఉండదు.

ప్రశ్న: ఎయిర్ ఫిల్టర్ పైపులో పెట్టుకునే ‘ఎలక్ట్రిక్ టర్బో’ ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతోంది. పనిచేస్తుందా?
– ఒక విద్యార్థి, గుంటూరు

1.2 లీటర్ల ఇంజనుకి 4,000 ఆర్పీఎం దగ్గర 0.3 బార్ బూస్ట్ ఇవ్వాలంటే గాలికి అందాల్సిన శక్తే సుమారు 1.8 కిలోవాట్లు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అది దాదాపు 150 యాంపియర్లు. సెల్ఫ్ మోటారు తీగంత లావు తీగ కావాలి. ఆ డబ్బాలో వచ్చే తీగ మందం చూసుకోండి. మొబైల్ ఛార్జర్ తీగలా ఉంటే అది కంప్యూటర్ ఫ్యాను. బూస్ట్ ఇవ్వకపోగా గాలికి అడ్డం నిలుస్తుంది, ప్లాస్టిక్ రెక్క విరిగితే నేరుగా థ్రాటిల్లోకే పోతుంది.